మూత మీద ఎర్ర గీత

బస్సు కొండెక్కి పైకి వచ్చేసరికి దాని కడుపులో నీళ్ళు కుతకుత ఉడికిపోతున్నాయి. డ్రైవరు ఇంజను ఆపి, "ఇది చల్లారేదాకా నన్నెవరూ ఏమీ అడక్కండి" అని చెప్పి, అందరికంటే ముందు తానే దిగి టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడు. బండ్లకి ఒక గుణం ఉంది. ఎక్కేటప్పుడు మొరాయిస్తాయి, దిగేటప్పుడు మోసం చేస్తాయి. కొండలు దాటిన సైన్యాల కథలు చదివినవాళ్ళకీ తెలిసేది ఇదే: ఎక్కుతున్నంతసేపూ అందరికీ భయం ఉంటుంది, దిగేటప్పుడు ధీమా వస్తుంది, కాలు జారేది అప్పుడే.

పానమ్మకి దిగే ఉద్దేశం లేదు. ఒళ్ళో పనిముట్ల సంచి పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. కొండ అవతలి ఊళ్ళో ఓ నూనె మిల్లు ఇంజను ఆమె కోసం పడి ఉంది. అయితే చూపు ఊరుకోదు కదా. అటు తిరిగి ఇటు తిరిగి స్పేర్ల కొట్టు ముందు రేకు నీడలో నిలబెట్టిన ఒక మోటారు సైకిలు మీద వాలింది. దాని వెనక క్యారియరుకి ఇనప పట్టీలతో బిగించిన గరాటు మూతి లౌడుస్పీకరు ఉంది. ట్యాంకు కుడిపక్క అరచెయ్యంత మేర రంగు లేచిపోయి ఇనుము బయటపడింది. కుడి హ్యాండిలు మీద, ముందు బ్రేకు ఆయిలు ఉండే చిన్న డబ్బాకి నల్ల టేపు చుట్టి, టేపు మీద రాగి తీగ కట్టారు. తెగిన వేలికి కట్టు కట్టినట్టుంది. కట్టులోంచి ఒక చుక్క కారింది, ట్యాంకు మీద పడింది, ఎండలో మెరిసింది.

అలా లౌడుస్పీకరు బిగించిన బండి లోకంలో ఒక్కటే ఉంటుంది. అది ఆమె అక్క మొగుడిది.

పానమ్మ ఆ క్షణాన మొహం తిప్పేసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. తిప్పుకోవాలనే అనుకుంది కూడా. ఆ చుక్కే తిప్పుకోనివ్వలేదు. కారుతున్న చోట కళ్ళు మూసుకోవడం ఆమెకి పుట్టుకతో చేతకాదు. సంచి భుజాన వేసుకుని దిగింది.

"ఓహో, మా మరదలు గారే." బావ గొంతు బస్సు అవతలికీ వినిపించింది. "ఏవమ్మా, నల్లపూసవైపోయావు. సరైన సమయానికి దొరికావు. రా రా, టీ తాగు. ఏయ్, ఇంకో టీ."

మూడేళ్ళుగా ఏమీ జరగనట్టే పిలిచాడు. తిట్టినవాడు మరిచిపోతాడు, తిట్లు తిన్నవాళ్ళు మరిచిపోరు. ఈ ఒక్క లెక్కలో లోకం ఎప్పుడూ తిట్టినవాడి పక్షమే.

బల్ల చివర అక్క కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. మణికట్టు దగ్గర అది కాస్త పక్కకి తిరిగి ఉంటుంది. చెల్లెల్ని చూసింది, చూడనట్టు రోడ్డు వైపు తిరిగింది. అంత గట్టిగా చూడకుండా ఉండటం తోడబుట్టినవాళ్ళకే సాధ్యం. పరాయివాళ్ళకి అంత శ్రద్ధ ఎక్కడిది.

పానమ్మ అసలు పేరు చెప్పమంటే ఆమే ఒక్క క్షణం ఆగి చెప్పాలి. చిన్నప్పుడు అక్క బొమ్మలకి గౌన్లు కుడుతుంటే ఈమె ఆ కుట్టు మిషనునే విప్పేసింది. విప్పినదాన్ని బిగించింది కూడా, కాకపోతే ఒక స్క్రూ మిగిలింది. నాన్న నవ్వి వదిలేశాడు. అక్క వదల్లేదు. చేతిలో పానా పెట్టి, "ఈ స్క్రూ ఎక్కడిదో తేలేదాకా నీకు అన్నం లేదు" అంది. పొద్దు వాలేలోపు తేలింది. అప్పుడు అక్కే ముద్దలు కలిపి తినిపించింది, ఎందుకంటే చెల్లెలి చేతులు మోచేతుల దాకా నూనె. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె పేరు పానా. వయసొచ్చాక ఊరు గౌరవంగా 'అమ్మ' తగిలించింది.

అక్క దర్జీ అయింది, చెల్లెలు మెకానిక్ అయింది. వీధి మలుపులో రేకుల షెడ్డు వేసుకుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "వచ్చిన సంబంధాలన్నీ చూశాను, ఒక్కదానికీ బ్రేకులు లేవు" అనేది. నవ్వినవాళ్ళు నవ్వారు, బండ్లు మాత్రం ఆమె దగ్గరే ఇచ్చారు. ఎందుకంటే పానమ్మ పని చేసిన బండికి ఒక గుర్తు ఉండేది. మనిషి ప్రాణం ఆధారపడిన ఏ స్క్రూ బిగించినా, స్క్రూ తల మీది నుంచి మూత మీదికి ఒక సన్నని ఎర్ర గీత గీసేది. స్క్రూ కదిలితే గీత విరుగుతుంది. రెండు ముక్కలూ రెండు దారులు పడతాయి. ఎవరు తిప్పారో గీత చెప్పదు, ఎవరో తిప్పారని మాత్రం దాచదు. ఆ గీతకి వాడేది గోళ్ళ రంగు. ఆ సీసా అక్కది. "నా వేళ్ళకి రోజంతా దారాలే, రంగెందుకు? నీ ఇనప ముక్కలకి పూసుకో" అని ఇచ్చింది.

మూడేళ్ళ కింద బావ బండికి ముందు బ్రేకు ప్యాడ్లు అరిగిపోతే, అక్కే బండి నడిపించుకుంటూ షెడ్డుకి తెచ్చింది. పానమ్మ కొత్త ప్యాడ్లు వేసి, కొత్త ఆయిలు పోసి, మూత బిగించి, గీత గీసి పంపింది. మర్నాడు మొగుడూ పెళ్ళాం ఈ కొండ మీది నుంచే దిగుతుంటే, సగం దారిలో ముందు బ్రేకు లివరు మెత్తగా హ్యాండిలుకి అంటుకుపోయింది. బండి గోడకి గుద్దుకుంది. బావకి మోకాలు గీరుకుంది. అక్కకి కుడి మణికట్టు విరిగింది. అతికింది గానీ వంకరగా అతికింది. సూది కింద గుడ్డని తిప్పేది ఆ చెయ్యే. చొక్కా మెడ గుండ్రంగా తిప్పలేని దర్జీకి మిగిలేవి తలగడ గలీబులే.

బావ పెళ్ళిళ్ళకీ సభలకీ మైకు సెట్లు అద్దెకిస్తాడు. ఊరంతా ఆయన్ని మైకు అనే పిలుస్తుంది. ఆయన గుసగుసలాడితే వీధి చివర కుక్క చెవులు నిక్కబొడుచుకుంటుంది. ఆసుపత్రి వరండాలోనే మొదలుపెట్టాడు. "మరదలు కదా అని బండి అప్పజెప్తే ప్రాణాల మీదికి తెచ్చింది." తర్వాత ఎక్కడ మైకు పెట్టినా, "హలో హలో" అని పరీక్ష చేశాక జనానికి ఇంకేదో ఒకటి చెప్పాలి కదా, ఇదే చెప్పాడు. కొండ కింద గ్యారేజీవాడు చల్లారిన బండి లివరు నొక్కి చూసి, "బ్రేకు బాగానే ఉందే, సరిగ్గా బిగించి ఉండరు" అన్నాడట. ఇంకేం, సాక్షి కూడా దొరికాడు.

పానమ్మ ఆసుపత్రికి పరిగెత్తి అడిగింది ఒక్కటే. "ఆ మూత మీద నా గీత ఎలా ఉందో చూపించండి." దానికి బావ చుట్టూ ఉన్నవాళ్ళని చూసి, "మనిషి చెయ్యి విరిగితే ఈవిడగారు గోళ్ళ రంగు గురించి అడుగుతోంది" అన్నాడు. అందరూ అసహ్యంగా చూశారు. మంచం మీద నుంచి అక్క, "నా చెయ్యి నువ్వే విరిచావు. ఇంక నా గుమ్మం తొక్కకు" అంది. 'నువ్వేనా' అని అడగలేదు. అడగకుండానే తీర్పు చెప్పేసింది. పానమ్మ ఇప్పటికీ మరిచిపోలేనిది ఆ మాట కాదు, ఆ అడక్కపోవడం.

ఆ తర్వాత షెడ్డుకి వచ్చే బండ్లు ఒక్కొక్కటే దారి మార్చుకున్నాయి. మంచి పేరుకి ఏళ్ళు పడతాయి, చెడ్డ పేరుకి ఒక మైకు చాలు. షెడ్డు ఎత్తేసింది. సంచి సర్దుకుని, తన కథ తెలియని ఊళ్ళు వెతుక్కుంటూ మిల్లు ఇంజన్లూ జనరేటర్లూ బాగుచేస్తూ బస్సుల్లో తిరుగుతోంది.

ఇప్పుడు ఆ కథ రేకు నీడలో నిలబడి చుక్కలు కారుస్తోంది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి కారుతోంది?" అంది పానమ్మ.

"కారడం అంటావేమిటి, చెమట. అప్పుడప్పుడూ పడుతుంది," అన్నాడు బావ. "మొదట టేపు వేశా. ఆ దరిద్రపు ఆయిలు టేపు జిగురంతా తినేసింది. అందుకని రాగి తీగ. నా దగ్గర తీగకేం కరువు? ఇవాళ కొంచెం ఎక్కువైంది, అదీ నేను అడుగుదామనుకున్నది. ఇంకో చుట్టు ఎటు వైపు నుంచి వెయ్యమంటావు?"

తీగ ఎటు వైపు నుంచి కట్టాలని అడుగుతున్నాడు. పానమ్మ లివరు మీద రెండు వేళ్ళు వేసి నొక్కింది. అది తడి గుడ్డలా లోపలికి పోయింది. ఎదురుగా రోడ్డు మలుపు తిరిగి కిందికి దిగిపోతోంది. అదే కొండ, అదే దిగుడు.

బస్సు హారను మోగింది. డ్రైవరు ఎక్కేశాడు. అక్క లేచి, ఎడమ చేత్తో తలకి గుడ్డ చుట్టుకుని, వంకర చెయ్యి దానికి సాయం పెట్టి ముడేసుకుంది. బండి ఎక్కడానికి సిద్ధమవుతోంది. ఎటో చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, "వెళ్దామా, ఎండ ముదురుతోంది" అంది.

పానమ్మ ఒకసారి బస్సు వైపు చూసింది. ఈ బండి జన్మలో ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నదీ నిజమే. కానీ వెనక సీటు మీద కూర్చోబోయేది తనకి అన్నం కలిపి పెట్టిన మనిషి. కండక్టరు, "ఏమమ్మా, వస్తున్నావా లేదా?" అని అరిస్తే చెయ్యి ఊపి పొమ్మంది. బస్సు పొగ వదిలి మలుపు తిరిగింది.

"తాళం ఇటివ్వు బావా."

"ఎందుకు?"

"ఇవ్వమన్నాను."

ఇచ్చాడు. పానమ్మ దాన్ని జేబులో వేసుకుని సంచి విప్పింది. "ఆ కొట్లోకి వెళ్ళి ఈ డబ్బాకి మూత, లోపలి రబ్బరు, రెండు స్క్రూలు, సీలు తీయని బ్రేకు ఆయిలు సీసా పట్రా. సీలు తీయనిది."

బావ వెళ్ళి సగం ఖాళీ అయిన సీసా పట్టుకొచ్చాడు. "కొట్టువాడు మనకి బాగా తెలిసినవాడే. వాడుకుని మిగిలింది, ఊరికే తీసుకోమన్నాడు."

"సీలు తీయనిది అన్నాను. మూత తీసి పెట్టింది గాల్లో తడిని తాగుతుంది. చెవుల్లో కూడా మైకు పెట్టుకున్నావా?"

టీకొట్టువాడు నవ్వు ఆపుకోలేక గ్లాసులో మొహం పెట్టాడు. బావ గొణుక్కుంటూ మళ్ళీ వెళ్ళాడు.

పానమ్మ ట్యాంకు మీద తడిగుడ్డ పరిచింది. రాగి తీగ తెంచింది. టేపు చింకి పాతలా ఊడొచ్చింది. కింద మూత, దాని రెండు స్క్రూలు బయటపడ్డాయి. వాటి తలలు ఎన్ని సార్లు ఎంత బలంగా తిప్పారో గానీ, గాడి అన్నది లేకుండా గుండ్రంగా అరిగిపోయాయి. మూత ఒక మూల పైకి లేచి ఉంది. ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. లోకంలో సగం తలుపులూ సగం కాపురాలూ పాడయ్యేది వదులుగా ఉండటం వల్ల కాదు, అతిగా బిగించడం వల్ల. బిగించేవాడికి తన బలం మీద ఉన్న నమ్మకం వస్తువు మీద ఉండదు. కారుతోందంటే ఇంకో చుట్టు. ఇంకా కారుతోందంటే ఇంకో చుట్టు. చివరికి మర తెగుతుంది, 'పాత పని నాసిరకం' అన్న మాట పుడుతుంది.

కారే పక్క స్క్రూ మీద రంగుని ఆయిలు ఎప్పుడో కడిగేసింది. ఎత్తున ఉన్న రెండోదాని మీద మాత్రం, టేపు కింద భద్రంగా, ఎర్ర గీత మిగిలి ఉంది. స్క్రూ తల అంచున మిగిలిన ముక్క తూర్పుకి పోతుంటే మూత మీది ముక్క ఉత్తరానికి చూస్తోంది.

పానమ్మ పట్టకారు పక్కన పెట్టి వెనక్కి జరిగి నిలబడింది.

అక్క ఎప్పుడు లేచి వచ్చిందో, పక్కన నిలబడి ఉంది. వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది నా సీసాలో రంగేగా," అంది. మూడేళ్ళలో చెల్లెలికి వినపడాలని అన్న మొదటి మాట అది, చెల్లెలితో అన్నది మాత్రం కాదు. కొట్లోంచి వస్తున్న మొగుడి వైపు తిరిగింది. "ఈ గీత ఎప్పుడు విరిగిందండీ?"

"ఎప్పుడేమిటి? నువ్వు షెడ్డు నుంచి బండి తెచ్చిన సాయంత్రమే విప్పా," అన్నాడు బావ. ఆ గొంతులో తప్పు చేసిన జంకు లేదు, జాగ్రత్తపరుడి గర్వం ఉంది. "ఎవరు బాగుచేసినా ఒకసారి తెరిచి చూసుకోకుండా నేను ఎక్కుతానా? ఆంప్లిఫయరైనా అంతే, అన్నం గిన్నె అయినా అంతే. తెరిచా, చూశా, మూసి రెండింతలు గట్టిగా బిగించా. ఈవిడ ఆడపిల్ల బిగింపు బిగించింది, వేలితో తిప్పితే ఊడొచ్చింది."

"మూసేటప్పుడు లోపల రబ్బరు మడత తిన్నగా పెట్టావా?" అంది పానమ్మ.

"రబ్బరు రబ్బరే. దానికి మడతేమిటి."

"తర్వాత?"

"తర్వాతేముంది, మర్నాడు ఇక్కడికి వచ్చేసరికి కాస్త కారి డబ్బా సగమైంది. నాకు బుర్ర లేదా? తాగే నీళ్ళు నిండా పోసి మూశా. అందుకే ఆ కాసేపైనా బ్రేకు పట్టింది. ఇవాళా అంతే, పొద్దున్నే నింపా. నేను కాబట్టి నడుపుతున్నా గానీ..."

అక్క ఒక అడుగు ముందుకి వేసింది. "నీళ్ళా?" అంది.

"నీళ్ళే. ద్రవం ద్రవమే కదా. నొక్కితే తొయ్యాలి, అంతేగా దాని పని."

పానమ్మకి ఒక్కసారిగా అరవాలనిపించింది. ఆ కొండ మీది నుంచి కింది ఊరిదాకా వినపడేలా అరవాలనిపించింది. మూడేళ్ళు. మూసేసిన షెడ్డు, తప్పుకుపోయిన మొహాలు, బస్సు సీట్లలో తిన్న పొడి రొట్టెలు. వాటన్నిటి వెనకా ఒక గుక్కెడు మంచినీళ్ళు. కుట్ర అయినా బాగుండేది. కుట్రకి ఒక మర్యాద ఉంటుంది, ఎదుటి మనిషిని శత్రువుగా గుర్తించినట్టుంటుంది. ఇది అదీ కాదు. ఇతనికి తాను చేసింది తెలియను కూడా తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఇన్నాళ్ళూ ఎవరూ కలిగించలేదు.

అరవలేదు. అరిస్తే బావకి ఒక పిచ్చి మరదలి కథ దొరుకుతుంది. సిరంజితో డబ్బాలో ఉన్నది కాస్త పీల్చింది. బురద పట్టిన టీ రంగులో ఉంది. చెత్తలోంచి ఒక రేకు డబ్బా మూత ఏరి, పట్టకారుతో పట్టుకుని టీకొట్టు పొయ్యి దగ్గరికి నడిచింది.

"నా పొయ్యి మీద ఏం వండుతావమ్మా?" అన్నాడు టీకొట్టువాడు.

"ఒక్క చుక్క. నీ గిన్నెలకి తగలదు."

రేకు కాలాక కొత్త సీసా సీలు తీసి ఒక చుక్క వేసింది. అది నూనెలా పరుచుకుని కదలకుండా కూర్చుంది. పక్కనే సిరంజిలోది ఒక చుక్క వేసింది. అది చుర్రుమని చిటపటలాడి బుడగలై ఎగిరింది.

"దిగుడులో బ్రేకు పదే పదే పడుతుంటే కింద చక్రం దగ్గర ఇలాగే కాలుతుంది," అంది పానమ్మ. బావకి కాదు, అక్కకి చెప్పింది. "అసలు ఆయిలు అంత వేడికీ ఉడకదు, నీళ్ళు ఉడుకుతాయి. ఉడికితే బుడగలు. లివరు నొక్కితే నలిగేది ఆ బుడగలు, చక్రాన్ని పట్టుకునేది ఏమీ ఉండదు. చల్లారాక బుడగలు పోతాయి, అప్పుడు ఎవడొచ్చి నొక్కినా బ్రేకు బాగానే ఉంటుంది."

"నేనూ పాలలో కలుపుతాను," అన్నాడు టీకొట్టువాడు మెల్లగా. "ఇంతవరకూ ఎవరూ పడిపోలేదు."

ఎవరూ నవ్వలేదు. అక్క తన మణికట్టు వైపు చూసుకుంటోంది.

బావకి అప్పటికి అర్థమైంది. అర్థమైన వెంటనే ఆయన గొంతు తగ్గింది, జీవితంలో బహుశా మొదటిసారి. దగ్గరికి వచ్చి, "సరే, ఏదో జరిగింది. కావాలని చేశానా? ఇంట్లో మాట ఇంట్లో ఉంచుకుందాం. నేనేమీ అనుకోను, నువ్వూ అనుకోకు" అన్నాడు.

"నువ్వేం అనుకుంటావు బావా? అనుకోవాల్సింది నేను."

"అబ్బా, తప్పేనమ్మా. ఒప్పుకుంటున్నాగా."

"నా మీద చెప్పింది మైకులో. ఒప్పుకునేది చెవిలోనా?"

బావ క్యారియరు మీది లౌడుస్పీకరు వైపు చూశాడు. "ఇప్పుడు దానికి బ్యాటరీ లేదు."

"నాలుగూళ్ళలో చాటి నా షెడ్డు మూయించినప్పుడు ఉందిగా."

ఆయన టీ గ్లాసు అందుకున్నాడు. అది ఖాళీది. అయినా తాగాడు.

పానమ్మ పనిలోకి దిగింది. కోపం వచ్చినప్పుడు ఆమె చేతులు నెమ్మదిస్తాయి. గాడి పోయిన స్క్రూలని పట్టకారుతో కరిచి పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పి తీసింది. మూత కింద రబ్బరు నలిగి, ఒక మూల చిరిగి ఉంది. ఆ చిరుగులోంచే ఇన్నాళ్ళూ కారింది. డబ్బాలో ఉన్నదంతా సిరంజితో లాగేసి, అడుగున పేరుకున్న మడ్డిని గుడ్డతో తుడిచింది. డబ్బా అంచు మీద గోటితో చుట్టూ తడిమి చూసింది. అంచు బాగుంది. కొత్త ఆయిలు పోసింది. ఇక గొట్టంలోనూ కింద చక్రం దగ్గరా ఉన్న నీళ్ళ మడ్డి బయటికి పోవాలి. దానికి ఒకరు కింద ఆయిలు బయటికి వదిలే మర తిప్పాలి, ఒకరు పైన లివరు నొక్కాలి.

బావ చెయ్యి చాచాడు.

"నువ్వు దాని దగ్గరికి రాకు," అంది పానమ్మ. చక్రం పక్కన నేల మీద కూర్చుని, చిన్న గొట్టం తగిలించి, పైకి చూడకుండా అంది: "అక్కా, నొక్కు."

అక్క కదల్లేదు. తర్వాత వచ్చింది. కుడి చెయ్యి లివరు మీద వేసింది, చాల్లేదు, ఎడమ చెయ్యి దాని మీద వేసి నొక్కింది.

"పట్టుకో." మర ఒకింత తిరిగింది. గొట్టంలోకి మురికి వచ్చింది. మర బిగిసింది. "వదులు."

"నొక్కు. పట్టుకో. వదులు."

మధ్యమధ్య లేచి డబ్బాలో పోస్తూ, మళ్ళీ కూర్చుంటూ, ఆ మూడు మాటలే అంది. మూడేళ్ళ తర్వాత అక్కాచెల్లెళ్ళ మధ్య నడిచిన సంభాషణ అంతా అంతే. గొట్టంలో మురికి రంగు పలచబడి, చివరికి తేనె రంగుకి తేటబడింది. బుడగలు ఆగిపోయాయి. అక్క చేతుల కింద లివరు రాయిలా నిలబడింది.

"గట్టిగా ఉంది," అంది అక్క.

"ఉంటుంది."

కొత్త రబ్బరు మడతలు లోపలికి సర్ది, అంచు తిన్నగా కూర్చుందో లేదో వేలితో చుట్టూ చూసి, మూత పెట్టింది. ఈ స్క్రూ కొంచెం, ఆ స్క్రూ కొంచెం, మళ్ళీ ఇది, మళ్ళీ అది, వేళ్ళ కొసలతోనే తిప్పింది. ఆడపిల్ల బిగింపు. తర్వాత టీకొట్టువాడి దగ్గర చెంబుతో నీళ్ళు అడిగి, ట్యాంకు మీదా హ్యాండిలు మీదా ఒలికిన ఆయిలంతా ధారగా కడిగేసింది. ఆ ఆయిలు రంగుని తింటుంది, నీళ్ళు దాన్ని కరిగించి పట్టుకుపోతాయి. లోపల మనిషిని చంపే నీళ్ళే బయట బండిని కాపాడతాయి. దేని చోటు దానికుంది. బావకి ఆ తేడా ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినిపించేది కాదేమో. అంత చప్పుడులో ఏం వినిపిస్తుంది.

సంచి అడుగు నుంచి ఒక చిన్న సీసా తీసింది. మూత చుట్టూ రంగు గడ్డ కట్టి ఉంది. సీసా మాత్రం అదే, అక్క ఇచ్చిందే. స్క్రూ దగ్గరికి తీసుకెళ్ళి ఆగింది. అక్క చేతిలో పెట్టింది.

"నువ్వే గియ్యి."

"నా చెయ్యి తిన్నగా రాదు."

"గియ్యి."

అక్క వంకర చేత్తోనే గీసింది, ఎడమ చెయ్యి సాయం పెట్టకుండా. స్క్రూ తల మీద మొదలుపెట్టి మూత మీదికి లాగింది. రెండో స్క్రూ మీదా గీసింది. గీతలు వణికాయి గానీ తెగలేదు.

"ఇంక ఇది ఎవరు విప్పినా నీకు తెలుస్తుంది," అంది పానమ్మ. "తెలిశాకైనా అడుగు."

అక్క కళ్ళు నిండాయి. "ఇంటికి రావే," అంది.

మూడేళ్ళుగా ప్రతి బస్సులోనూ, ప్రతి అరుగు మీదా పానమ్మ ఆ మాట కోసం చెవి పెట్టుకునే ఉంది. వస్తే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. తీరా వచ్చాక ఆ మాట చల్లారిన టీలా ఉంది. మీగడ కట్టింది గానీ వేడి లేదు.

"అప్పుడు ఒక్క మాట అడిగి ఉంటే చాలేది అక్కా. 'నువ్వేనా' అని. తిట్టినా పడేదాన్ని. అడగనైనా లేదు నువ్వు."

అక్క సీసా మూత బిగించి బల్ల మీద పెట్టింది.

పానమ్మ తాళం తీసి అక్క అరచేతిలో పెట్టింది, బావకి ఇవ్వలేదు. పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేసుకుంది. గోళ్ళ రంగు సీసా బల్ల మీదే ఉంది. దాని వైపు చూసింది, తీసుకోలేదు. సంచి భుజాన వేసుకుంది.

"ఎక్కడికే ఎండలో? బస్సు పోయిందిగా," అంది అక్క. "వస్తానని చెప్పయినా వెళ్ళు."

పానమ్మ రోడ్డెక్కి దిగుడు వైపు నడవడం మొదలుపెట్టింది. వెనక బావ గొంతు, "చూద్దాం, ఈసారైనా గట్టిగా బిగించిందో లేదో" అంటూ దగ్గరవుతున్నట్టు వినిపించింది. ఆ వెంటనే అక్క గొంతు వినిపించింది, కొండ మీది నుంచి మలుపు దాకా వినపడేంత గట్టిగా.

"ముట్టుకోకండి. రంగు ఆరలేదు."

పానమ్మ నడక ఒక్క అడుగు తడబడింది. తిరిగి చూడలేదు. మలుపు తిరిగింది.